గురువారం క్లాసు

మార్చి 4

అత్తకి,

ముందు మంచి వార్త. రెండు చోట్లా సీటు వచ్చింది. రెండు కవర్లూ ఒకే రోజు వచ్చాయి. నాన్న కుట్టుమిషను కిందికి దూరి ఏదో బిగిస్తున్నవాడు, నా అరుపుకి లేవబోయి తల కొట్టుకున్నాడు. బొప్పి కట్టింది. ఆ బొప్పితోనే వీధి చివరి దాకా వెళ్లి, "మా అక్క తర్వాత మా ఇంట్లో రెండో మంత్రసాని" అని అందరికీ చెప్పి వచ్చాడు. మంత్రసాని కాదు నాన్నా, మిడ్‌వైఫ్ అనాలి, నాలుగేళ్ల డిగ్రీ అది అంటే, "పేరేదైతేనేం, పోసేది పురుళ్లేగా" అన్నాడు.

రెండూ రావడం నా ప్రాణం మీదికి వచ్చింది. ఒక్కటే వచ్చి ఉంటే నోరు మూసుకుని చేరిపోయేదాన్ని. ఒకటి కొండ మీది విశ్వవిద్యాలయం. మా ఇంటి నుంచి బస్సులో గంట. వందేళ్ల నాటిది, పక్కనే పెద్దాస్పత్రి. మొదటి రెండేళ్లూ పాఠాలూ, మనిషంత బొమ్మల మీద సాధనా. మూడో ఏడు గానీ కాన్పు గదిలోకి అడుగు పెట్టనివ్వరు. రెండోది రేవు దగ్గరది. రైల్లో ఒక పగలంతా పడుతుంది. కొత్తది, చిన్నది, ఏడాదికి ముప్ఫై మందినే తీసుకుంటారు. రెండో నెల నుంచే ఆస్పత్రిలో పని. నాలుగేళ్లలో ఒక్కొక్కరూ పది మంది తల్లుల్ని, కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డకి ఆరు వారాలు నిండేదాకా కనిపెట్టుకుని ఉండాలట.

ఏప్రిల్ ముప్ఫై లోపల ఒకదానికి సంతకం పెట్టి పంపాలి, రెండోది వదులుకోవాలి. నేను గోడ మీద పిల్లిలా కూర్చున్నాను. నాన్నని అడిగితే "మీ అత్తనడుగు, నాకు మిషన్లు తప్ప ఏం తెలుసు" అంటాడు. అందుకే అడుగుతున్నాను.

ఎనిమిదేళ్లప్పుడు సెలవులకి నీ దగ్గరికి వచ్చాను, గుర్తుందా? మీ ప్రసవ కేంద్రం వరండాలో కూర్చుని ఉతికిన తెల్లబట్టలు మడతపెట్టడం నా పని. లోపల బిడ్డ ఏడుపు వినిపించాక నువ్వు బయటికి వచ్చి నా పక్కన కూర్చుని ఒక గ్లాసుడు నీళ్లు తాగావు. అప్పటి నీ ముఖం చూసి నేనూ ఇదే అవుతానని అనుకున్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నీ రూలు గుర్తొచ్చింది. ఫోన్ మోగితే ఎవరికో నొప్పులని నువ్వు చెప్పులు వేసేసుకుంటావని, చుట్టాలందరూ ఉత్తరాలే రాయాలని ఊరంతటికీ ఒక న్యాయం, మాకొక న్యాయం పెట్టావు కదా. త్వరగా రాయి.

నీ గడుగ్గాయి

*

మార్చి 11

మా గడుగ్గాయికి,

నీ ఉత్తరం చేరిన రోజే మూడుసార్లు చదివాను. జవాబుకి మాత్రం ఆలస్యమైంది. ఈ వారంలో ఐదుగురు పుట్టారు, ఐదుగురూ సరిగ్గా నేను కంచం ముందు కూర్చున్నప్పుడే. ఈ కాలం పిల్లలకి కడుపులో ఉన్నప్పటి నుంచే మర్యాద లేదు.

మీ నాన్న బొప్పికి చల్లటి నీళ్ల గుడ్డ వెయ్యి. చిన్నప్పుడు కూడా వాడంతే, సంతోషం వస్తే ముందు ఏదో ఒకటి తగిలించుకునేవాడు.

ఇక్కడ కాన్పు గది పైకప్పు కారుతోంది. మేస్త్రీని పిలిస్తే "వాన తగ్గాక వస్తానమ్మా" అన్నాడు. వాన తగ్గాక పిలిస్తే "ఇప్పుడు కారట్లేదు కదమ్మా" అంటున్నాడు. మంచం ఒక మూలకి జరిపి, కారేచోట బకెట్టు పెట్టాం. ఒక మంచి సంగతేమిటంటే కొత్త త్రాసు వచ్చింది. గ్రాము తేడా కూడా చూపిస్తుంది. దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడం లేదని మా చిన్న నర్సు మూతి ముడుచుకుని తిరుగుతోంది.

నీ ప్రశ్నకి వస్తాను. గోడలు ఎంత ఎత్తున్నాయి, పేరు ఎంత పాతది అనేవి చూడకు. నేను రెండేళ్ల ట్రైనింగు చేసినదాన్ని, డిగ్రీల సంగతి నాకు తెలియదు. కానీ పని తెలుసు. రెండు చోట్లకీ వెళ్లి చూడు. అక్కడి వాళ్లని మూడు అడుగు. నాలుగేళ్లలో ఎంత మంది తల్లుల్ని మొదటి నుంచి చివరి దాకా చూస్తాను? మొదటిసారి బిడ్డని నా చేతుల్లోకి తీసుకునేటప్పుడు నా వెనక ఎవరు నిలబడతారు? ఏదైనా కాన్పులో తేడా జరిగితే, ఆ మర్నాడు మీరు ఏం చేస్తారు? మూడోది గట్టిగా అడుగు. జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడు.

నా మనసు రేవు వైపే ఉంది. దూరమని భయపడకు. రైలు ఉన్నది ఎక్కడానికే. మీ నాన్న సంగతి నాకొదిలెయ్యి.

వరండాలో నీళ్లు తాగిన సంగతి నాకు గుర్తు లేదు. అంత చిన్న పిల్లవి నా ముఖం చూస్తూ కూర్చున్నావంటే ఆ రోజు మడతలు ఎలా పెట్టి ఉంటావో ఊహించుకోగలను.

ప్రేమతో, కాస్త గర్వంతో కూడా,
అత్త

*

మార్చి 24

అత్తకి,

రెండూ చూసి వచ్చాం. ఒక్కొక్కటే చెబుతాను, మధ్యలో ఆపకు.

కొండ మీద అంతా అద్దాలూ, నున్నటి నేలా. ఒక పెద్ద హాల్లో ఆరు మంచాలు, ఆరు బొమ్మలు. బొమ్మ అంటే బొమ్మ కాదు, ఊపిరి తీస్తుంది, కళ్లార్పుతుంది, మీట నొక్కితే మూలుగుతుంది కూడా. నాన్న ఒక బొమ్మ పక్కన వంగి లోపల ఏ మోటారు ఉందో చూడబోతే అక్కడి పిల్ల కసిరింది. నీ మూడు ప్రశ్నలూ అడిగాను. మొదటి రెండింటికీ కాయితం చూసి చెప్పారు. మూడోది అడిగితే ఒకాయన నవ్వి, "ఇక్కడ అలాంటివి జరగవమ్మా" అన్నాడు.

రేవు దగ్గర బల్లలు పాతవి, కిటికీ రెక్క ఒకటి ఊడి వేలాడుతోంది. ముందు వార్డులోకి తీసుకెళ్లారు. అప్పుడే కాన్పయిన తల్లి, ఆ వాసనా, ఆ ఉక్కా. నాకు కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూర్చున్నాను. ఎవరితోనూ అనకు, నాన్నకి కూడా తెలియదు. నీళ్లు తాగాక సర్దుకుంది.

తర్వాత నీ మూడో ప్రశ్న అడిగాను. ఒక పొట్టి టీచరమ్మ, మెడలో తాడుకి కళ్లజోడు వేలాడేసుకుని ఉంది, "అయితే కూర్చో, చూపిస్తా" అంది. అక్కడ ప్రతి గురువారం పొద్దున ఒక క్లాసు ఉందట. నిజంగా తేడా జరిగిన కాన్పులని, పేర్లు తీసేసి, మొదటి నిమిషం నుంచి చదువుతారు. ఎక్కడ ఏం చేసి ఉండాల్సిందో అందరూ కూర్చుని మాట్లాడతారు. ఆ రోజు చూడటానికి వచ్చిన మా కోసం ఒకటి చదివింది.

ఏదో చిన్న ఊరి ప్రసవ కేంద్రం. తొలి కాన్పు. మధ్యాహ్నం రెండింటికి ఆడపిల్ల పుట్టింది. మాయ పడింది. అంతా బాగుంది. ఆ తర్వాత తల్లికి రక్తం పోవడం మొదలైంది. గుప్పున పోతే ఎవరైనా కంగారు పడేవారు. ఇది సన్నగా, ఆగకుండా పోతూ ఉంది. ఆ మిడ్‌వైఫ్ ఏం చేసిందో తెలుసా? కింద వేసిన బట్ట తడిసినప్పుడల్లా తీసేసి ఉతికిన బట్ట వేసింది. ఐదుసార్లు! తీసినవి తీసినట్టు పెరట్లో నీళ్ల తొట్టిలో వేసింది. ఎంత పోయిందో తూచలేదు, రాయలేదు. నాలుగింటికి ఇంకో నర్సు వచ్చి చూస్తే పక్క తెల్లగా ఉంది. 'అంతా మామూలు' అని రాసి వెళ్లింది. తల్లి చలేస్తోందంటే ఇంకో దుప్పటి కప్పారు. నాలుగున్నరకి ఆవిడకి స్పృహ తప్పింది. పెద్దాస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ గర్భసంచి తీసేయాల్సి వచ్చింది.

"ఎవరైనా మాట్లాడతారా?" అంది టీచరమ్మ. నేను ఊరుకుంటానా? లేచి నిలబడి, "ఇది పొరపాటు కాదు, నిర్లక్ష్యం. కళ్ల ముందు రక్తం పోతుంటే తుడిచి దాచేసింది. అలాంటి మనిషి చేతికి ఇంకో తల్లిని అప్పగించకూడదు" అన్నాను. కొంతమంది చప్పట్లు కొట్టారత్తా! టీచరమ్మ మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆవిడ ఇంకా పనిచేస్తూనే ఉంది" అంది. నాకు ఒళ్లు మండింది. నీలాంటి వాళ్లు పనిచేసే చోట అలాంటి వాళ్లు కూడా ఉంటారా?

నాన్న క్లాసు మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయాడు. రక్తం మాట వింటే పడదనుకుంటాను. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు. నేను దూరం పోతున్నానని దిగులేమో.

నేను మాత్రం తేల్చుకున్నాను. రేవే. నువ్వు ఊఁ అంటే రేపే సంతకం.

నీ గడుగ్గాయి

*

ఏప్రిల్ 3

చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందింది.

బాగా ఆలోచించాను. కొండ మీద చేరడమే మంచిదనిపిస్తోంది. నేను ముందు తొందరపడి రాశాను. ఇంటికి దగ్గర. మీ నాన్నకి మోకాలు నొప్పి ఉంది, ఒంటరిగా ఎలా చేసుకుంటాడు? రేవు గాలి నీకు పడదు, చిన్నప్పటి నుంచీ జలుబు మనిషివి. బొమ్మల మీద నేర్చుకోవడం తక్కువేమీ కాదు. చెయ్యి కుదిరాకే మనుషుల దగ్గరికి వెళ్లొచ్చు. పాత విశ్వవిద్యాలయం అంటే రేపు ఉద్యోగానికి కూడా విలువ ఉంటుంది.

పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. ఇవాళ పని ఎక్కువగా ఉంది, ఇంతకన్నా రాయలేను.

అత్త

*

ఏప్రిల్ 9

అత్తకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రాసింది నువ్వేనా అని చేతిరాత కూడా చూశాను. గోడలు చూడకు, పేరు చూడకు అన్నది ఎవరు? ఇప్పుడు పేరుకి విలువ ఉంటుందంటున్నది ఎవరు? నాకు జలుబు చేసి మూడేళ్లయింది.

నాన్నే నీకు రాసి ఉంటాడని తిన్నగా వెళ్లి అడిగేశాను. చేతిలో స్క్రూడ్రైవరు కింద పడేసుకున్నాడు. "నేనేం రాయలేదే తల్లీ, ఒట్టు" అన్నాడు. "మరి అత్త ఎందుకు మాట మార్చింది?" అంటే, "మార్చిందా?" అని వంగి స్క్రూడ్రైవరు తీసుకుని, "అక్క చెప్పిందంటే ఏదో కారణం ఉంటుంది. పోనీ, కొండ మీదే చేరు" అన్నాడు. మీరిద్దరూ ఒకటే. ఆ రోజు నుంచి నాన్నతో సరిగ్గా మాట్లాడటం లేదు. వంట చేసి మూత పెట్టి నా గదిలోకి వెళ్లిపోతున్నాను.

తర్వాత నాకే తట్టింది. వార్డులో కళ్లు తిరిగాయని రాశాను కదా. అందుకేనా? ఈ పిల్ల పనికి రాదు, రెండేళ్లు బొమ్మలతో ఆడుకోనీ, ఈలోగా మనసు మార్చుకుంటుంది అనుకున్నావా? అదే అయితే సూటిగా అను. ఏడుస్తాను గానీ తట్టుకుంటాను. మోకాలు నొప్పులూ జలుబులూ అడ్డం పెట్టకు.

నీ మాట నేను ఎప్పుడూ కాదనలేదు. ఇరవయ్యో తారీకు దాకా చూస్తాను. నీ దగ్గర నుంచి ఇంకే జవాబూ రాకపోతే కొండకే సంతకం పెట్టి పంపేస్తాను. కానీ నువ్వు నన్ను నమ్మడం లేదని తెలిసి ఆ చదువు ఎలా చదవాలో నాకు తెలియడం లేదు.

నేను

*

ఏప్రిల్ 14

మా గడుగ్గాయికి,

సంతకం పెట్టకు. ముందు ఇది చదువు.

మీ నాన్న నాకు ఒక్క ముక్క కూడా రాయలేదు. వాడితో మాట్లాడు. కళ్లు తిరగడం గురించి నేను రెండోసారి ఆలోచించను కూడా లేదు. నేను చూసిన మొదటి కాన్పులో నాకు వాంతి అయింది. బకెట్టు పట్టుకున్నది, నొప్పులు పడుతున్న ఆవిడ వాళ్లమ్మ. "ముందు నువ్వు కానివ్వమ్మా, తర్వాత మా అమ్మాయి సంగతి చూద్దాం" అంది. కళ్లు తిరిగిన వాళ్లందరినీ పంపించేస్తే ఈ పనికి ఎవరూ మిగలరు.

ఆ క్లాసులో చదివిన మిడ్‌వైఫ్ నేనే.

నువ్వు విన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తొమ్మిదేళ్లయింది. తడిసిన పక్క మీద తల్లి ఒక్క నిమిషం కూడా ఉండకూడదని నాకు పని నేర్పినావిడ చెప్పింది. ఇరవై ఏళ్లు అదే నా గొప్ప అనుకున్నాను. చూడటానికి వచ్చిన పెద్ద డాక్టర్లు నా మంచాలు చూసి మెచ్చుకుని వెళ్లేవారు. ఆ మధ్యాహ్నం కూడా తడిసిన బట్ట తీశాను, ఉతికిన బట్ట వేశాను. ఏ బట్టకా బట్ట చూస్తే కొంచెమే. ఐదూ కలిపి చూసినవాళ్లు లేరు. చూడటానికి వీలు లేకుండా చేసింది నేనే. పెద్దాస్పత్రి నుంచి డాక్టరు ఫోన్ చేసి "ఎంత పోయింది?" అని అడిగింది. ఆ ఒక్క లెక్క తెలిస్తే ఎంత ఎక్కించాలో ఆవిడకి తెలుస్తుంది. బట్టలు తొట్టిలో నానుతున్నాయి. నీళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి, అందులో ఎంత నీరో ఎంత రక్తమో ఎవరు చెబుతారు?

విచారణ జరిగింది. ఎనిమిది నెలలు పనిలోకి రానివ్వలేదు. మళ్లీ ట్రైనింగుకి పంపారు, ఆ తర్వాత తీసుకున్నారు. ఇప్పుడు మా దగ్గర తూచకుండా ఏ బట్టా గది దాటదు. కొత్త త్రాసు అన్నానే, అది బిడ్డల కోసం కాదు.

నీకు తొమ్మిదేళ్లప్పుడు మీ నాన్న రెండు వారాలు ఏదో ఫ్యాక్టరీలో పని ఉందని వెళ్లాడు, గుర్తుందేమో. ఇక్కడికే వచ్చాడు. నాకేం చెప్పాలో తెలియక, నా కుట్టుమిషను రోజూ విప్పి రోజూ బిగించేవాడు. దానికి ఏ జబ్బూ లేదు పాపం.

ఆ తల్లి ఈ ఊళ్లోనే చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. ఆవిడకి కనీసం ముగ్గురు పిల్లలు కావాలని ఉండేది, కాన్పుకి ముందు నాతోనే అనేది. పనిలోకి వచ్చాక వాళ్లింటికి వెళ్లి, జరిగినదంతా రాసి చదువుకునే పిల్లలకి పంపిస్తాను, ఒప్పుకుంటారా అని అడిగాను. "పంపండి. కానీ నిర్లక్ష్యం చేశానని రాయకండి, శుభ్రం చేశానని రాయండి. నిర్లక్ష్యం అంటే ఎవరికి వాళ్లు అది మన గురించి కాదులే అనుకుంటారు" అంది. అలాగే రాసి రేవుకి పంపాను. అప్పటి నుంచి ఆ టీచరమ్మ, ఒక్కసారి మీరే వచ్చి క్లాసులో కూర్చోండని ఏటా రాస్తోంది. ఏటా ఏదో వంక పెడుతున్నాను.

నిన్ను రేవుకి వెళ్లమన్నది ఆ క్లాసు కోసమే. అది ఎవరి సంగతో తెలియకుండా నువ్వు నేర్చుకుంటావు, నా తప్పు నీకు పనికొస్తుంది, నా ముఖం మాత్రం నీ దగ్గర అలాగే ఉంటుంది అనుకున్నాను. రెండూ కావాలనుకున్నాను. నీ ఉత్తరంలో 'అలాంటి మనిషి' అన్న చోట ఆగిపోయాను. నాలుగేళ్లు నువ్వు ఆ గదిలో కూర్చుంటే ఏదో ఒక గురువారం నీకు తెలిసిపోతుందని భయమేసింది. అందుకే కొండ అన్నాను. మోకాలూ, జలుబూ, గాలీ అన్నీ నా పిరికితనమే. నీ చదువు కన్నా నా పరువు నాకు ఎక్కువైంది. ఇది ఆ తొమ్మిదేళ్ల నాటి దానికన్నా చిన్న తప్పేమీ కాదు.

ఇక నన్ను అడగకు. నీ సంతకం నీ ఇష్టం.

అత్త

*

ఏప్రిల్ 21

అత్తకి,

వెంటనే రాయలేకపోయాను. రాసినవి మూడు చించేశాను. ఒకదాంట్లో అంతా క్షమాపణలే, ఒకదాంట్లో అంతా కోపమే. మూడోదాంట్లో వాతావరణం గురించి రాశాను.

నాన్న దగ్గరికి వెళ్లి, "నీకు అక్కడే తెలిసిపోయిందా?" అని అడిగాను. తల ఊపాడు. "నువ్వు లేచి మాట్లాడుతుంటే మా అక్కని ఎవరో నలుగురిలో నిలబెట్టి కొడుతున్నట్టుందే. ఆ కొట్టేది నా కూతురు. ఎవరి వైపు చూడాలో తెలియక బయటికెళ్లా" అన్నాడు. తర్వాత ఇద్దరం కలిసి తిన్నాం. పన్నెండు రోజుల తర్వాత.

సిగ్గుగా ఉంది అత్తా. చప్పట్లు కొట్టారని కూడా రాశాను నీకు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి. నీ ముఖం చూసి ఈ పని చేస్తానని చెప్పానే గానీ, చిన్నప్పుడు నేను మెచ్చుకున్నది కూడా ఆ తెల్లదనాన్నే. నా మడతలు బాగున్నాయని నువ్వు అంటే పొంగిపోయేదాన్ని. నీ చోట నేనున్నా అదే పని చేసేదాన్ని. అది తలచుకుంటేనే ఎక్కువ భయమేస్తోంది.

నిర్లక్ష్యం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. 'ఇంకో తల్లిని అప్పగించకూడదు' అన్న మాట మాత్రం ఇంకా తేలలేదు. ఆ బడి టీచరు గురించే ఆలోచిస్తున్నాను. తేలిపోయిందని రాస్తే నీకు సంతోషంగా ఉంటుంది గానీ, అబద్ధం అవుతుంది. నువ్వు అబద్ధం రాసినప్పుడు ఎలా ఉందో చూశాను కదా, నాకది వద్దు.

నిన్న సంతకం పెట్టి పోస్టు చేశాను. రేవుకి. నువ్వు ముందు చెప్పావని కాదు, తర్వాత వద్దన్నావని కూడా కాదు. మూడో ప్రశ్నకి కొండ మీద నవ్వారు, రేవు దగ్గర కూర్చోబెట్టి చూపించారు. అంతే.

ఒకటి అడగాలి. పోనీలే అనుకున్నాను గానీ మనసులోంచి పోవడం లేదు. మొదటి బట్ట, రెండోది సరే. ఐదో బట్ట తీసినప్పుడు నీ చేతికి ఏమీ తెలియలేదా? నువ్వు చంటిబిడ్డని ఒంటిచేత్తో ఎత్తి బరువు చెప్పేదానివి, తూచితే అంతే ఉండేది. నాకు గుర్తుంది.

జవాబు ఉత్తరంలో వద్దనుకుంటే మానెయ్యి. కానీ ఆ టీచరమ్మ ఏటా రాస్తోందన్నావు.

నీ గడుగ్గాయి

*

ఏప్రిల్ 29

మా గడుగ్గాయికి,

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. విచారణలో నలుగురు కూర్చుని రెండు రోజులు అడిగారు, ఎన్నింటికి ఏం చేశావు, ఎవరిని పిలిచావు అని. చేతికి ఏం తెలిసిందని అడగాలంటే అడిగేవాళ్లకి నా చెయ్యి తెలిసి ఉండాలి.

తెలిసింది. ఐదో బట్ట బరువుగా ఉంది. తొట్టి దాకా మోసుకెళ్లి అక్కడ ఒక్క క్షణం నిలబడ్డాను. డాక్టరుని పిలుద్దామా అనుకున్నాను. అంతకు ముందు నెల ఒకసారి పిలిస్తే ఏమీ లేదని తేలింది, ఆవిడ అంత దూరం వచ్చి విసుక్కుని వెళ్లింది. మళ్లీ ఏమీ లేకపోతే, ఇన్నేళ్ల అనుభవం ఉండి ఇంత భయమా అంటుందనుకున్నాను. బట్ట నీళ్లలో వేసేశాను. నేను రాసి పంపినదాంట్లో ఇది లేదు. ఆ తల్లికి కూడా చెప్పలేదు. శుభ్రం అన్న మాట ఆవిడ ఇచ్చింది కదా అని నేను దాని వెనకాల నిలబడ్డాను. అందుకని, నిర్లక్ష్యం అన్న మాటని అప్పుడే వెనక్కి తీసుకోకు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు బడి వదిలాక వాళ్లింటికి వెళ్లి ఆవిడకి చెప్పాను. ఆ రోజు పుట్టిన పాప పక్క గదిలో చదువుకుంటోంది. ఎప్పుడు వెళ్లినా కూర్చోమనేది, ఆ రోజు అనలేదు. నిలబడే ఉన్నాను. చివరికి "అది కూడా అక్కడ చెప్పండి" అని, తలుపు దాకా వచ్చి, నేను గడప దాటగానే వేసేసుకుంది. మళ్లీ నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. మాట్లాడకపోయినా నేను అనడానికేమీ లేదు. ఇక్కడ మా పై డాక్టరుకి కూడా రాసి ఇచ్చాను. నన్ను ఉంచుతారో మానమంటారో వాళ్లు చూసుకుంటారు.

టీచరమ్మకి ఈ ఏడు వంక పెట్టలేదు. వస్తానని రాశాను. మీకు క్లాసులు మొదలయ్యాక వచ్చే మూడో గురువారం. పేరు దాచవద్దని కూడా రాశాను.

మీ నాన్నని తీసుకురాకు. వాడు మళ్లీ లేచి బయటికి వెళ్లాల్సి వస్తుంది. నువ్వు మాత్రం ముందు బల్ల మీద కూర్చో. ఆ గదిలో నన్ను అత్తా అనకు. అడగాల్సినవన్నీ అడుగు, ఒక్కటి కూడా మింగెయ్యకు. నేను ఏడిస్తే ఆగకు. నీ చేతికి వచ్చే తల్లులు ఇంకా పుట్టింటి నుంచి బయల్దేరను కూడా లేదు, వాళ్ల తరఫున అక్కడ కూర్చుంటున్నది నువ్వే.

క్లాసు అయ్యాక బయట మెట్ల మీద ఉంటాను. అప్పటికీ పిలవాలనిపిస్తే, అప్పుడొచ్చి పిలువు.

ఎదురుచూస్తూ,
అత్త